గుండు బరువు, దెబ్బ బలము

జమ్మలమడుగు ప్రాంతమున జొన్నచేను కంకి పట్టిన దినములలో మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పు కావలివానిని గమనింపుడు. చేతికి దొరికిన రాయినెల్ల అతడు వడిసెలలో పెట్టడు. రాయి మరీ చిన్నదైనచో ఎంత విసురుగా వదలినను గాలిలో త్వరగా మందగించి చేను నడుమనే పడును. మరీ పెద్దదైనచో చేయి దానిని వడిగా త్రిప్పలేదు. అందుచే ఈ రెంటికి నడిమి రాయిని ఏరుకొనును. అతడు సూత్రములు చదువలేదు, అనుభవము నేర్పినది. కాని ఆ ఏరుకొనుటలో ఇమిడియున్న శాస్త్రమే కోటమీది ఫిరంగికిని, వేటగాని రైఫిలుకును వర్తించును.

గండికోటలో ఫిరంగులు

జమ్మలమడుగునకు సమీపమున, పెన్నానది కొండను చీల్చుకొని పారు లోయ అంచున గండికోట కలదు. 1652లో తవెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఈ కోటకు వచ్చెను. అప్పుడు కోట గోలకొండ సేనాని మీర్ జుమ్లా అధీనమున ఉండెను. క్లోద్ మాయ్ అను ఫ్రెంచివానిచే అతడు అచట 20 ఫిరంగులు పోతపోయింప దలచెననియు, వానిలో పది 48 పౌనుల గుండువి, పది 24 పౌనుల గుండువి అనియు తవెర్నియే వ్రాసెను. లోహమునకై గుడులలోని రాగి విగ్రహములను సైతము తెప్పించిరట. తుదకు ఒక ఫిరంగి బీటవారెను, మరియొకటి అసంపూర్ణముగ నిలిచిపోయెను, పని నెరవేరలేదు.

ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ ఫిరంగులను గొట్టపు వెడల్పునుబట్టి గాక గుండు బరువునుబట్టి పేర్కొనిరి. గుండు గుండ్రనిదైనప్పుడు బరువు తెలిసిన వెడల్పు తెలిసినట్లే. 24 పౌనుల ఇనుపగుండు అడ్డుకొలత సుమారు 14 సెంటీమీటర్లు. 48 పౌనుల గుండు బరువున రెట్టింపైనను, అడ్డుకొలత సుమారు 18 సెంటీమీటర్లు మాత్రమే. ఏలయన గోళము బరువు అడ్డుకొలత యొక్క ఘనమునుబట్టియు, గాలికి ఎదురగు వైశాల్యము వర్గమునుబట్టియు పెరుగును. కావున పెద్దగుండున ప్రతి చదరపు సెంటీమీటరు వెనుకను ఎక్కువ బరువు ఉండును. గాలి దానిని అంత సులభముగ ఆపజాలదు. మంచెమీది కావలివాడు గులకరాయిని పారవేయుటకు కారణ మిదియే.

తులము ఎత్తు సీసము

రైఫిలు గుండ్లను పౌనులలో తూచుటకు వీలులేదు. వానిని గ్రెయినులలో చెప్పుదురు. ధాన్యపు గింజ ఎత్తునుండి వచ్చిన ఈ కొలత సుమారు 65 మిల్లీగ్రాములు. 7,000 గ్రెయినులు ఒక పౌను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నేడు 10 గ్రాములను తులమని వ్యవహరించుచున్నారు గాని, 1833లో నిర్ణయింపబడిన తులము సరిగా 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు. పెద్దజంతువుల వేటలో బహుళముగ వాడబడిన 0.30 అంగుళముల రైఫిలు గుండు బరువును 180 గ్రెయినులే. పాత వెండి రూపాయి ఎత్తు సీసము అన్నమాట.

పొడుగు గుండు

0.375 అంగుళముల, అనగా 9.5 మిల్లీమీటర్ల అడ్డుకొలతగల సీసపు గోళము కేవలము 5 గ్రాములు తూగును. గొట్టము వెడల్పు పెంచకయే గుండు బరువు పెంచవలెనన్న దానిని పొడుగు చేయవలెను. అయితే పొడుగుగుండు గాలిలో తలక్రిందులుగ దొర్లును. దానిని నివారించుటకే గొట్టము లోపల మెలికలు తిరిగిన గాళ్లు చెక్కుదురు. ఆ గాళ్లవెంట వచ్చు గుండు బొంగరమువలె తిరుగుచు మొనను ముందునకే నిలుపుకొనును. రైఫిలు అనగా ఇట్టి గాళ్లుగల తుపాకి. గుండు ఎంత పొడుగైన అంత వడిగా తిరుగవలెను. కావున ఒక గొట్టమునకు తగిన పొడుగుకు హద్దు కలదు.

ఒకే గొట్టము, మూడు బరువులు

1912లో ఇంగ్లండున వెలువడిన 0.375 మాగ్నమ్ రైఫిలు మధ్యమ పరిమాణపు తుపాకులకు మంచి ఉదాహరణము. దీనికి 235, 270, 300 గ్రెయినుల గుండ్లను చేసిరి. గొట్టమునుండి వెలువడు వేగములు ఇంచుమించుగ ఇట్లుండును:

235 గ్రెయినులు (15.2 గ్రాములు): సెకనుకు 850 మీటర్లు
270 గ్రెయినులు (17.5 గ్రాములు): సెకనుకు 810 మీటర్లు
300 గ్రెయినులు (19.4 గ్రాములు): సెకనుకు 760 మీటర్లు

గతిజశక్తిని లెక్కించినచో మూడును 5,500 నుండి 5,750 జౌళ్ల నడుమనే ఉండును. మందు ఇచ్చు శక్తి ఇంచుమించు ఒక్కటే. బరువు పెరిగిన వేగము తగ్గును. మరి భేద మెచట? బరువును వేగముచే గుణింపగా వచ్చు ద్రవ్యవేగమును చూడుడు. తేలికగుండునకు ఇది సెకనుకు సుమారు 13, బరువుగుండునకు సెకనుకు సుమారు 15 కిలోగ్రాము-మీటర్లు. అంతకంటె ముఖ్యమైనది, వెడల్పు ఒక్కటే అయినందున 300 గ్రెయినుల గుండు వెనుక ప్రతి చదరపు సెంటీమీటరునకు నాల్గవవంతుకు పైగా ఎక్కువ ద్రవ్యరాశి కలదు.

మాంసమునగాని గాలిలోగాని దూసుకొనిపోవు గుండునకు నిరోధము వేగపు వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైన నిరోధము నాలుగురెట్లగును. కావున వడిని పెంచి లోతును సాధింపజూచుట అంతగా ఫలింపదు. ఆకారము చెడనంతవరకు, లోతును ముఖ్యముగ నిర్ణయించునది వెడల్పునకు తగిన బరువు. అడవిదున్న వంటి దళసరి జంతువునకు బరువుగుండును, జింక వంటిదానికి తేలికగుండును వాడుట ఇందువలననే.

తేలికగుండు తిన్నగా పోవునని కొందరు దానిని మెచ్చుకొందురు. వాయునిరోధమును లెక్కింపనిచో 100 మీటర్లు పోవునప్పటికి బరువుగుండు 8.5 సెంటీమీటర్లు, తేలికగుండు 6.8 సెంటీమీటర్లు క్రిందికి దిగును. దట్టమైన అడవిలో ఈ కొద్ది భేదము లెక్కకు రాదు.

బరువు ఒక్కటే చాలదు. నాటి చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షక వ్యాఘ్రమును వేటాడిన కథ వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ 0.405 రైఫిలును వాడెను. దాని గుండును 300 గ్రెయినులదే. కాని వెడల్పు హెచ్చు, వేగము తక్కువ. అదే బరువు ఎక్కువ వైశాల్యముపై పరచుకొన్నది. గుండు నిర్మాణమును చూడవలెను. మొనవద్ద సీసము బయటపడియున్న గుండు తాకగానే పుట్టగొడుగువలె విచ్చుకొని పెద్దగాయము చేయును. లోహపు తొడుగు పూర్తిగా కప్పిన గుండు విచ్చుకొనక లోతునకు పోవును.

ఇక వేటగాని భుజము సంగతి. గుండు ముందునకు పోయినంత ద్రవ్యవేగము తుపాకికి వెనుకకు కలుగును. మందువాయువులను లెక్కింపకున్నను, 4 కిలోగ్రాముల తుపాకి బరువుగుండును పేల్చినప్పుడు సెకనుకు 3.7 మీటర్ల వేగముతో భుజమును తన్నును. ఈ తన్నునకు జంకి కన్నుమూసినవాని గురి తప్పును.

తప్పిన లెక్కకు మూల్యము

పులివెందుల అను పేరు పులుల మందలనుండి వచ్చినదని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. పులులు తిరుగు సీమలలో గుండు బరువును తప్పుగా ఎన్నుకొనుట కేవలము లెక్కతప్పు కాదు. భుజపుటెముకవద్ద పగిలిపోయిన తేలికగుండు జంతువును చంపదు, కుంటిదానిని చేయును. పరుగెత్తు జింకను పట్టజాలని పులి పశువులమీదికి, మనుష్యులమీదికి వచ్చును. సరిగా తగులని గుండువలన గాయపడి నరభక్షకములైన పులులను గూర్చి జిమ్ కార్బెట్ 1944లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. ఆ మూల్యమును చెల్లించినవారు వేటగాండ్రు కారు, అడవి అంచున కట్టెలేరుకొను పేదలు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినప్పటినుండి మనదేశమున వినోదమునకై పులి వేట నేరము. నేడు ఊరిలోనికి వచ్చిన చిరుతను పట్టుటకు అటవీశాఖవారు మత్తుమందు నింపిన సూదిని తుపాకితో వదలుదురు. ఇచట లెక్క తలక్రిందగును. సూది చర్మమును దాటవలెను గాని ఎముకను విరుగగొట్టరాదు. అందుచే దూరమునుబట్టి వాయుపీడనమును తగ్గించి హెచ్చించి, వేగమును అదుపున ఉంచుదురు. చంపుటకు ఉపయోగపడిన సూత్రమే బ్రతికించుటకును ఉపయోగపడుచున్నది.

ఈ విషయమును తరగతిలో సులభముగ చూపవచ్చును. ఒకే పరిమాణముగల గాజుగోలీని, సైకిలు అంగడిలో దొరకు ఉక్కుగోళమును తీసికొనుడు. మెత్తని తడిమట్టిపై రెంటిని ఒకే ఎత్తునుండి విడువుడు. తాకునప్పటి వేగ మొక్కటే, వెడల్పొక్కటే. కాని ఉక్కుగోళము దాదాపు మూడురెట్లు బరువు. గుంటల లోతును పుల్లతో కొలిచి చూచిన పిమ్మట, కావలివాడు ఏ రాయిని ఏరుకొనవలెనో విద్యార్థులే చెప్పగలరు.