హీమోవిజిలెన్స్ (రక్త నిఘా)

హీమోవిజిలెన్స్ అనగా దాత నుండి రక్తాన్ని సేకరించినది మొదలు, దానిని రోగికి ఎక్కించిన తరువాతి ఫలితాల వరకు ప్రతి దశనూ కనిపెట్టి చూసే వ్యవస్థ. ఈ క్రమంలో జరిగిన అవాంఛనీయ సంఘటనలను గుర్తించి, నమోదు చేసి, నివేదించి, కారణాలను విశ్లేషించి, అవి మళ్ళీ జరగకుండా చూడటం దీని లక్ష్యం. తెలుగులో దీనిని రక్త నిఘా అనవచ్చును. రక్తం ప్రాణదాయిని అయినప్పటికీ అది మరొక మనిషి శరీరం నుండి వచ్చిన సజీవ పదార్థం. అందువలన దానిని ఎక్కించడంలో కొంత అపాయం ఎప్పుడూ ఉంటుంది.

పేరు

గ్రీకు భాషలో "హైమా" అంటే రక్తం. లాటిన్ భాషలో "విజిలాన్స్" అంటే మెలకువగా ఉన్న అని అర్థం. ఈ రెండు మూలాల నుండి 1990 దశకం మొదట్లో ఫ్రాన్సులో ఈ పదం పుట్టింది.

చరిత్ర

1901లో కార్ల్ లాండ్‌స్టీనర్ రక్త వర్గాలను గురించి ప్రకటించిన తరువాత రక్తమార్పిడి శాస్త్రీయ మార్గంలో పడింది. అయితే 1980 దశకంలో రక్తం ద్వారా, రక్తం నుండి తయారైన మందుల ద్వారా ఎయిడ్స్ కారక వైరస్ వ్యాపించి అనేక దేశాలలో ఎందరో హీమోఫిలియా రోగులు బలయ్యారు. ఫ్రాన్సులో ఇది పెద్ద వివాదమై న్యాయస్థానాల వరకు వెళ్ళింది. దాని పర్యవసానంగా 1993 జనవరి 4 నాటి చట్టం ద్వారా ఆ దేశంలో రక్త నిఘా ఏర్పడింది.

1996లో బ్రిటన్‌లో "షాట్" అనే స్వచ్ఛంద నివేదనా పథకం మొదలైంది. సీరియస్ హజార్డ్స్ ఆఫ్ ట్రాన్స్‌ఫ్యూజన్ అనే పేరుకు ఇది సంక్షిప్త రూపం. ఈ పథకం తొలి నివేదికలు ఒక ముఖ్య విషయాన్ని బయటపెట్టాయి. ప్రజలు ఎక్కువగా భయపడినది వైరస్‌లకు. కాని నివేదికలలో అతి పెద్ద భాగం ఒకరికి ఇవ్వవలసిన రక్తాన్ని మరొకరికి ఎక్కించిన సంఘటనలది. అనగా లోపం చాలాసార్లు రక్తంలో కాక మనుషుల పనితీరులో ఉన్నది.

ప్రతిచర్యల రకాలు

* జ్వర ప్రతిచర్య: ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ లేదా అంతకు మించి పెరిగి 38 డిగ్రీలకు చేరడం, వణుకు. ఇది చాలాసార్లు స్వల్పమైనదే. కాని ప్రాణాంతకమైన ప్రతిచర్యలకూ జ్వరమే తొలి సూచన కావచ్చును గనుక ఉపేక్షించరాదు.
* అలర్జీ: దురద, దద్దుర్లు. అరుదుగా రక్తపోటు పడిపోయి ఊపిరాడని స్థితి వస్తుంది.
* ఎర్ర కణాల విచ్ఛిత్తి: ఉదాహరణకు ఎ వర్గం రోగికి బి వర్గం రక్తం ఎక్కిస్తే, రోగి శరీరంలోని ప్రతిరక్షకాలు ఆ కణాలను నిమిషాలలో పగలగొడతాయి. నడుము నొప్పి, ఎర్రని మూత్రం దీని లక్షణాలు. మూత్రపిండాలు దెబ్బతిని మరణం సంభవించవచ్చును. మరికొన్ని ప్రతిరక్షకాల వలన ఇదే విచ్ఛిత్తి ఆలస్యంగా, 24 గంటల నుండి 28 రోజుల మధ్య, కనబడుతుంది.
* ఊపిరితిత్తుల సమస్యలు: రక్త పరిమాణం గుండె భరించలేనంత అయినపుడు "టాకో", దాత రక్తంలోని ప్రతిరక్షకాల వంటి కారణాల వలన "ట్రాలి" ఏర్పడతాయి. రెండింటిలోనూ ఆయాసమే ముఖ్య లక్షణం, కాని చికిత్స వేరు.
* బాక్టీరియా: ప్లేట్‌లెట్లను 20-24 డిగ్రీల వద్ద నిల్వ చేస్తారు. ఫ్రిజ్‌లో ఉంచే ఎర్ర కణాలకంటె వీటిలో సూక్ష్మజీవులు సులభంగా పెరుగుతాయి.

రోగి పక్కన జాగ్రత్తలు

రక్త నమూనా తీసినపుడు గొట్టంపై వివరాలను రోగి మంచం పక్కనే వ్రాయాలి. రక్తం ఎక్కించే ముందు పేరు, ఆసుపత్రి సంఖ్య, రక్త వర్గం, సంచి సంఖ్య మరల సరిచూడాలి. "మీరు వెంకటేశ్వర్లు గారేనా?" అని కాక "మీ పేరేమిటి?" అని అడగాలి. మగతలో ఉన్న రోగి ఏ పేరుకైనా తల ఊపవచ్చును. పైగా ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం మన ప్రాంతంలో వింత కాదు.

తొలి 15 నిమిషాలు రోగిని ప్రత్యేకంగా గమనించాలి. నాడి, రక్తపోటు, ఉష్ణోగ్రత నమోదు చేయాలి. ఒక సంచి ఎర్ర కణాలను 4 గంటలలోపు ముగించాలి.

ప్రతిచర్య వచ్చినపుడు

ముందుగా రక్తాన్ని ఆపివేయాలి. సూదిని తీయకుండా సెలైన్‌తో నరాన్ని తెరచి ఉంచి వైద్యుని పిలవాలి. రోగి వివరాలను, సంచి చీటీని మళ్ళీ పోల్చాలి. సంచిని పారవేయకుండా గొట్టంతో సహా, రోగి నుండి తీసిన కొత్త నమూనాతోపాటు రక్తనిధికి పంపాలి. అక్కడ రక్త వర్గాన్ని తిరిగి పరీక్షిస్తారు. కూంబ్స్ పరీక్ష మొదలగునవి చేస్తారు.

రక్తనిధికి తక్షణం తెలియజేయడానికి మరి రెండు కారణాలు ఉన్నవి. మొదటిది, ఇద్దరు రోగుల సంచులు తారుమారైతే రెండవ రోగికి కూడా తప్పు రక్తం ఎక్కబోతూ ఉండవచ్చును. రెండవది, ఒకే దాత రక్తం నుండి ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వేరుచేసి వేర్వేరు రోగులకు ఇస్తారు. ఒక సంచిలో దోషం ఉంటే మిగిలినవాటిని కూడా వెంటనే ఆపాలి.

నివేదికల ప్రయోజనం

నివేదికలో ప్రతిచర్య తీవ్రతను, అది రక్తం వలననే కలిగిందా అనే అంచనాను వ్రాస్తారు. తృటిలో తప్పిన ప్రమాదాలను కూడా పలు దేశాలలో నమోదు చేస్తారు.

ఒక ఆసుపత్రిలో ట్రాలి ఏడాదికి ఒకటి కూడా రాకపోవచ్చును. దేశమంతటి నివేదికలను ఒకచోట చేర్చినపుడే దాని తీరు తెలుస్తుంది. గర్భం ధరించిన స్త్రీల రక్తంలో ట్రాలికి దారితీసే ప్రతిరక్షకాలు ఏర్పడే అవకాశం ఎక్కువ. ఈ కారణంగా బ్రిటన్‌లో 2003 చివరి నుండి ప్లాస్మా కొరకు పురుష దాతలకు ప్రాధాన్యమిచ్చారు. తరువాత ట్రాలి కేసులు, మరణాలు బాగా తగ్గాయి.

నివేదిస్తే శిక్ష పడుతుందన్న భయం ఉన్నచోట తప్పులు కాగితం మీదకు రావు. తప్పులు మాత్రం కొనసాగుతాయి. కావున వివరాలను గోప్యంగా ఉంచి, వ్యక్తిని కాక పద్ధతిని సరిదిద్దాలన్నది రక్త నిఘా మూలసూత్రం. ఎక్కువ నివేదికలు పంపిన ఆసుపత్రి చెడ్డదని, ఏమీ పంపనిది మంచిదని భావించరాదు.

భారతదేశంలో

భారత హీమోవిజిలెన్స్ కార్యక్రమం 2012 డిసెంబరు 10న ప్రారంభమైంది. నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ దీని జాతీయ సమన్వయ కేంద్రం. ఆసుపత్రులు, రక్తనిధులు నిర్ణీత ప్రతిచర్య పత్రాన్ని నింపి "హీమో-విజిల్" అనే సాఫ్ట్‌వేర్ ద్వారా సమాచారం పంపుతాయి. దాతలలో కళ్ళు తిరగడం వంటి సమస్యల నమోదుకు 2015 జూన్ 14న, ప్రపంచ రక్తదాతల దినోత్సవం నాడు, దాతల నిఘా కార్యక్రమం ఆరంభించారు.

తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు సాధారణంగా 2 నుండి 5 వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలోనూ ఇట్టి పిల్లలు ఉన్నారు. ఇన్నిసార్లు రక్తం తీసుకొనేవారికి ప్రతిచర్యల అపాయం సహజంగా ఎక్కువ. కావున వణుకు, దురద, ఆయాసం, నడుము నొప్పి ఏది కలిగినా, ఇంటికి వెళ్ళిన తరువాత కలిగినా సరే, రోగి గాని బంధువులు గాని వెంటనే ఆసుపత్రికి తెలియజేయాలి. రక్త నిఘాలో తొలి సమాచారం చాలాసార్లు వారి నుండే రావాలి.

ఇవి కూడా చూడండి

* రక్తదానం
* రక్త వర్గాలు
* తలసీమియా
* హీమోఫిలియా