సాగర్ ఒడ్డున మొదలెడదాం.. 42 కిలోమీటర్లు!

ఏటా సాధారణంగా ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది. నిర్వహించేది హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ. తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర పరుగు మొదలవుతుంది. పక్కనే 16వ శతాబ్దంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్, దాని మధ్యలో బుద్ధుడి విగ్రహం, ముఖానికి తగిలే చల్లగాలి. ఆ ఉత్సాహంలో కాళ్లు వాటంతటవే పరుగందుకుంటాయి. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే!

ఎందుకంటే చెరువు ఒడ్డు చదునుగా ఉంటుంది కానీ, దారంతా అలా ఉండదు. సాగర్ దాటాక ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఎత్తులు, పైగా ఆగస్టు ఉక్కపోత. ముగింపు గచ్చిబౌలి స్టేడియంలో. మొత్తం 42.195 కిలోమీటర్లు. రూట్ అప్పుడప్పుడూ మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాది మ్యాప్ చూసుకున్నాకే ప్లాన్ వేసుకోండి.

ముందు ఏది ఎంచుకోవాలి?

ఇప్పటిదాకా పరుగు అలవాటే లేదా? అయితే ఈ ఏడాదికి 10కె చాలు. 10కె హాయిగా పూర్తిచేయగలిగితే వచ్చేసారి 21.1 కిలోమీటర్ల హాఫ్. ఆ తర్వాతే ఫుల్. ‘స్నేహితుడు పేరిచ్చాడు, నేనూ ఇచ్చేస్తా’ అంటే మోకాళ్లు ఊరుకోవు. ఆస్తమా, గుండె సమస్యలు, పాత గాయాలు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని కలవాల్సిందే.

18 వారాల సిలబస్

ఫుల్ మారథాన్‌కి 16 నుంచి 18 వారాలు కావాలి. ఆగస్టు చివర్లో రేస్ అంటే ఏప్రిల్ చివర్లోనే మొదలుపెట్టాలి. మన ఎండలకి ఉదయం ఐదింటికి రోడ్డెక్కడం తప్ప మరో దారి లేదు. వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం ఒక లాంగ్ రన్. మిగతా రోజుల్లో ఒకటి రెండుసార్లు స్క్వాట్స్, ప్లాంక్స్ లాంటివి చేయండి. ఒక్కరోజైనా పూర్తి విశ్రాంతి ఉండాలి.

లాంగ్ రన్ 10 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా 30-32 దాకా తీసుకెళ్లాలి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం కాస్త తగ్గించండి. వేగం ఎంతుండాలో చెప్పడానికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా? అదే సరైన వేగం. ఆఖరి రెండు మూడు వారాలు దూరం తగ్గించేయాలి. పరీక్ష ముందురోజు కొత్త చాప్టర్ చదవం కదా, ఇదీ అంతే.

ఖర్చు పెట్టాల్సింది ఒక్క బూట్ల మీదే. వాటిని రేస్‌కి కొన్ని వారాల ముందే కొని, లాంగ్ రన్స్‌లో వాడి చూడాలి.

30 దాటాక గోడ!

శరీరం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థాన్ని దాచుకుంటుంది. చాలామందికి 30 కిలోమీటర్లు దాటేసరికి అది అడుగంటుతుంది. కాళ్లు బరువెక్కుతాయి, బుర్ర ‘ఇక చాలు’ అంటుంది. రన్నర్లు దీన్నే ‘వాల్’ అంటారు. దీనికి మందు ఆకలేయకముందే తినడం. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. ఓ మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. ఖర్జూరాలు, ఎనర్జీ జెల్స్ కూడా పనికొస్తాయి. ఏదైనా ముందు ప్రాక్టీసులో తిని చూడండి.

నీళ్లు దాహాన్ని బట్టి తాగాలి. అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. ఉక్కలో ఓఆర్ఎస్ లాంటివి మేలు.

రేస్ రోజు

ఐదు గంటల్లో పూర్తిచేయాలంటే కిలోమీటరుకు సుమారు 7 నిమిషాల 6 సెకన్లు పట్టాలి. నెక్లెస్ రోడ్డు మీద అందరూ దూసుకెళ్తుంటారు, వెళ్లనివ్వండి. మొదటి పది కిలోమీటర్లు అనుకున్నదానికన్నా నెమ్మదిగా పరిగెత్తండి. ఎత్తుల్లో అడుగులు చిన్నవి చేయండి, అవసరమైతే నడవండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే వెంటనే ఆగి సాయం అడగండి. పతకం కన్నా ప్రాణం ముఖ్యం.

ఉద్యోగానికి పనికొస్తుందా?

నిజం చెప్పాలంటే మారథాన్ పతకం చూసి ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. పోలీస్, ఆర్మీ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్లకి కూడా ఇది నేరుగా సరిపోదు. అక్కడ 1600 మీటర్ల లాంటి పరుగుని తక్కువ సమయంలో పూర్తిచేయాలి. దానికి వేగం పెంచే ఇంటర్వల్ ప్రాక్టీస్ వేరేగా కావాలి.

మరెందుకు? బీటెక్ అయ్యాక ఎనిమిది నెలలు నేనూ ఖాళీగా ఉన్నా. పంపిన అప్లికేషన్లలో చాలావాటికి ‘లేదు’ అనే జవాబు కూడా రాదు. ఎంత కష్టపడ్డా ముందుకెళ్తున్నామో లేదో తెలియని రోజులవి. ఆ రోజుల్లో కష్టానికి లెక్క చెప్పింది పరుగొక్కటే. పోయిన ఆదివారం 12, ఈ ఆదివారం 14. ‘ఉద్యోగం ఎప్పుడొస్తుంది బాబూ?’ అని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేకపోయినా, ఆ వారం నేనేం చేశానో చెప్పడానికి ఒక అంకె ఉండేది. ఆ అంకెని రాసుకున్న స్ప్రెడ్‌షీట్‌లోనే రోజూ చేసిన కోడింగ్ సమస్యలు, పంపిన అప్లికేషన్లు కూడా రాయడం మొదలుపెట్టా. మన చేతిలో ఉన్నదేంటో, లేనిదేంటో అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంటర్వ్యూలో హాబీ అడిగితే ‘రన్నింగ్’ అని ఊరుకోవద్దు. ఎన్ని వారాలు ఎలా ప్లాన్ చేశారో, సెమిస్టర్ పరీక్షలప్పుడు ఏం మార్చుకున్నారో చెప్పండి. ఆ జవాబు బట్టీ పడితే వచ్చేది కాదు.

రేపు ఉదయం మీ కాలేజీ గ్రౌండ్‌లో ఇరవై నిమిషాలు చాలు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇంటికొచ్చాక ఆ అంకె రాసి పెట్టుకోండి.