నైట్‌ఫాల్ తరచూ అవుతోందా? బలం తగ్గిపోతుందన్న భయం నిజమేనా? ఆయుర్వేదం చెప్పే ఆహారం, అలవాట్లు ఇవే..

నిద్రలో తెలియకుండానే వీర్యం పోతే చాలామంది కుర్రాళ్లు హడలిపోతారు. ఇంట్లో చెప్పుకోలేరు, ఫ్రెండ్స్‌ని అడగలేరు. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి అయినా, హైదరాబాద్ హాస్టల్ అయినా ఇదే పరిస్థితి. గోడల మీద కనిపించే 'గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స' ప్రకటనలకు ఈ భయమే పెట్టుబడి. ఇంతకీ ఇది జబ్బేనా?

ఎందుకు అవుతుంది?

యుక్తవయసులో హార్మోన్లు పెరగడంతో వీర్యం నిత్యం తయారవుతూనే ఉంటుంది. కొన్నిసార్లు నిద్రలో బయటకు వచ్చేస్తుంది. ఇది సహజం. నెలకు ఇన్నిసార్లే అవ్వాలన్న లెక్కేమీ లేదు. వయసు పెరిగేకొద్దీ సాధారణంగా తగ్గుతుంది.

'వంద చుక్కల రక్తం ఒక్క వీర్యపు చుక్క' అన్న మాటలో నిజం లేదు. వీర్యం రక్తం నుంచి ఆవిరయ్యే బలం కాదు. అందులో ఎక్కువ భాగం గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. మరి నీరసం ఎందుకు? చాలాసార్లు దానికి కారణం దిగులు, నిద్రలేమి. ఈ భయానికే మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్.విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు.

ఆయుర్వేదం ఏమంటోంది?

శరీరంలోని ఏడు ధాతువుల్లో చివరిది శుక్రం. పిత్తం, వాతం పెరిగితే అది నిలవదని ఆయుర్వేదం భావన. అందుకే ఈ సలహాలు:

* రాత్రిపూట కారం, పులుపు, ఉప్పు తగ్గించాలి. పచ్చిమిర్చి తొక్కు మధ్యాహ్నం తింటే చాలు.
* పెసరపప్పు, సొరకాయ, పాలు, కొద్దిగా నెయ్యి లాంటి చలువ చేసేవి మంచివి.
* నిద్రకు 2, 3 గంటల ముందే భోజనం ముగించాలి.
* మలబద్ధకం రాకుండా నీళ్లు, ఆకుకూరలు తీసుకోవాలి.
* పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టాలి. రోజూ నడక, యోగా, ప్రాణాయామం చేయాలి.

వీటితో నైట్‌ఫాల్ పూర్తిగా ఆగిపోతుందని గట్టి ఆధారాలు లేవు. కానీ నిద్ర, జీర్ణం బాగుపడి ఆందోళన తగ్గుతుంది. అసలు లాభం అదే.

ఇక్కడ జాగ్రత్త!

లైంగిక శక్తి పెంచుతామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. పేరూ ఊరూ లేని భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. అవి కిడ్నీలకు ముప్పు. అశ్వగంధ, శిలాజిత్ అయినా అర్హత ఉన్న ఆయుర్వేద డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

మూత్రంలో మంట, వీర్యంలో రక్తం, వృషణాల్లో నొప్పి, మెలకువగా ఉన్నప్పుడే స్రావం కారడం లాంటివి ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. దిగులు వదలకపోతే టెలీ మానస్ నంబర్ 14416కి ఉచితంగా కాల్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

గమనిక: ఇది అవగాహన కోసమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.