తక్కువ ఖర్చులో లుత్రాకి: వేడినీళ్లు, సముద్రం, పక్కనే కొరింథు

పోయిన ఎపిసోడ్‌లో ఏథెన్స్ చూశాం కదా. ఈసారి అక్కణ్ణుంచి పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న లుత్రాకి వెళ్దాం. గ్రీకులో ‘లుత్రా’ అంటే స్నానాలు. పేరుకు తగ్గట్టే సముద్రం ఒడ్డున వేడినీటి ఊటలున్న ఊరు.

మా అమ్మ వైజాగ్ నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పి. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ ఎక్కి దిగేసరికే ఆవిడ పని అయిపోయింది. మిగిలింది రెండు రోజులు, కొద్దిపాటి యూరోలు. అందుకే మార్చి మొదటి వారాంతం ఎంచుకున్నాను. ఎందుకంటే గ్రీసులో నవంబరు నుంచి మార్చి దాకా ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ పురావస్తు స్థలాలకి టికెట్ ఉండదు. పైగా సీజన్ కాదు కాబట్టి గదులు కూడా చవక.

ఏథెన్స్‌లోని కిఫిసోస్ బస్టాండు నుంచి లుత్రాకికి నేరుగా బస్సుంది. శనివారం మధ్యాహ్నానికి దిగిపోయాం. బీచ్‌లో మన ఆర్కే బీచ్‌లా ఇసుక ఉండదండి, అన్నీ గులకరాళ్లే. చెప్పులు విప్పకండి. స్పాలో నీళ్లు పొగలు కక్కేంత వేడేం కాదు, గోరువెచ్చగా ఉంటాయి. నొప్పి పోతుందని నేను చెప్పను. ఆ రాత్రి మాత్రం అమ్మ మధ్యలో లేవకుండా పడుకుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే దిగాలి. తిండికి బేకరీలో దొరికే చీజ్ పై, పాలకూర పై చాలు. శాకాహారులకీ ఇబ్బంది లేదు.

ఆదివారం పాత కొరింథు. తెలుగు బైబిల్ చదివినవాళ్లకి ‘కొరింథీయులకు’ అన్న మాట తెలుసు కదా, ఆ ఊరు ఇదే. పౌలు ఇక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. ఆయన్ని విచారణకి నిలబెట్టింది ఇక్కడే అని చూపించే రాతి వేదిక ఇంకా ఉంది. అపొల్లో గుడి క్రీ.పూ. 540 ప్రాంతంలోది. 38 స్తంభాల్లో ఏడే నిలబడి ఉన్నాయి. ఒక్కో స్తంభం ఒకే రాయి! క్రీ.పూ. 146లో రోమన్లు ఊరిని నేలమట్టం చేశారు, 44లో జూలియస్ సీజర్ మళ్లీ కట్టించాడు. అందుకే చుట్టూ కనిపించే శిథిలాల్లో ఎక్కువ భాగం రోమన్లవే.

వెనక 575 మీటర్ల కొండ మీద అక్రోకొరింథు కోట. టాక్సీలో పైదాకా వెళ్లొచ్చు కానీ, లోపల మళ్లీ ఎక్కుడే. టాక్సీ డబ్బుతో అమ్మకి సోమవారం పొద్దున ఇంకో స్నానం వస్తుంది. కోట వదిలేశాను. అమ్మ ‘నువ్వెళ్లి రావే’ అంది, నాకే మనసొప్పలేదు.

తిరుగు దారిలో ఇస్త్మోస్ దగ్గర దిగి కొరింథు కాలువ చూడండి, వంతెన మీంచి పైసా ఖర్చు లేదు. నీరో మొదలుపెట్టి వదిలేసిన పని 1893లో గానీ పూర్తి కాలేదు. ఆదివారం బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే రాసుకోండి.