నీళ్లు కక్కిస్తే బతుకుతారా?

చింతపల్లి చుట్టుపక్కల గెడ్డలు, తాజంగి జలాశయం చూడ్డానికి ఎంత అందమో, వానాకాలంలో అంత ప్రమాదం. ఎవరైనా మునిగితే ఒడ్డుకు తెచ్చి కడుపు నొక్కడం, కాళ్లు పట్టి తలకిందులుగా ఊపడం చాలాచోట్ల అలవాటు. నోట్లోంచి నీళ్లు వస్తాయి కూడా. కానీ అవి ఎక్కువగా కడుపులోవి! ఊపిరితిత్తుల్లోకి వెళ్లేవి సాధారణంగా కొద్దిపాటి నీళ్లే. వాటిని నొక్కి బయటికి తీయలేం. పైగా కక్కింది ఊపిరిగొట్టంలోకి జారితే మరీ ముప్పు. మునిగినవారి ప్రాణం తీసేది ఆక్సిజన్ అందకపోవడం. ఆక్సిజన్ ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

అందుకే ముందు గాలి. పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేలా నోట్లోకి ఊదాలి. ఐరోపా నిపుణులు ఐదుసార్లు, అమెరికావారు రెండుసార్లు అంటారు. ఆ తేడా మీద తగువు అక్కర్లేదు. తర్వాత ఛాతీ నడుమ 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదాలి. ఇలా ఆపకుండా చేస్తూనే ఉండాలి. శిక్షణ లేనివాళ్లు చేస్తే పక్కటెముక విరగదా? విరగొచ్చు. ఏమీ చేయకపోతే ప్రాణమే పోతుంది. 108 అంబులెన్స్ వచ్చేదాకా ఆగొచ్చుగా? కొండదారిలో అది నాలుగు నిమిషాల్లో రావడం కష్టం. ఒకరు ఫోన్ చేస్తుంటే మరొకరు ఊదాలి. ఎవరైనా ఇంకా నీళ్లలోనే ఉంటే, కాపాడాలని మీరు మాత్రం దూకొద్దు. కేకవేసి పెద్దల్ని పిలవండి, ఒడ్డునుంచే వెదురు గడో తాడో అందించండి. మునిగినవారు తేరుకుని కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.