కోడ్‌కు ముందు ఎవరిని ఏం అడగాలి?



మన పిల్లల్లో చాలామంది పెద్దయ్యాక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లం అవుతామంటారు. రోజంతా కోడ్ రాయడమే ఆ ఉద్యోగం అని వాళ్ల ఊహ. కానీ కోడ్‌కు ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఎవరికి ఏం కావాలో కనుక్కోవడం. రిక్వైర్‌మెంట్స్ సేకరణ అంటారు దాన్ని. కోడింగ్ క్లాసుల్లో ఇది పెద్దగా చెప్పరు.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేసే తల్లిదండ్రులకు ఈ ఇబ్బంది తెలిసిందే. పెద్ద కంపెనీలో వందలకొద్దీ సాఫ్ట్‌వేర్లు నడుస్తుంటాయి. ఏది ఏ టీమ్‌ది, వివరాలు ఎక్కడున్నాయి, అనుమతి ఎవరివ్వాలి అన్నది పాతవాళ్లకు కూడా ఓ పట్టాన దొరకదు. ఇవన్నీ ఒకేచోట చూపించేదే కంపెనీ లోపలి డెవలపర్ పోర్టల్. స్వీడన్‌కు చెందిన పాటల కంపెనీ స్పాటిఫై తన ఇంజినీర్ల కోసం 'బ్యాక్‌స్టేజ్' పేరుతో ఇలాంటిదే తయారుచేసుకుని, 2020లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఉచితమే కదా అని తెచ్చి పెట్టుకున్నా, మన దగ్గర పని ఎక్కడ ఆగుతోందో అది చెప్పదు. మనమే అడిగి తెలుసుకోవాలి.

"పోర్టల్లో ఏమేం కావాలి?" అని అడిగితే సెర్చ్, డార్క్ మోడ్ అంటూ చాంతాడంత జాబితా వస్తుంది. నెలల తరబడి అవన్నీ కట్టాక ఎవరూ తెరవకపోవచ్చు. "నిన్న మీ పని ఎక్కడ ఆగింది?" అని అడగండి. "ఫలానా సర్వీసు ఎవరిదో కనుక్కునేసరికి సగం రోజు పోయింది" అంటారు. ముందు కట్టాల్సింది దానికి పరిష్కారం. మేనేజర్‌ను మాత్రమే అడిగితే లాభం లేదు, రోజూ వాడేది ఆయన కాదు. కొత్తగా చేరిన అమ్మాయి పక్కన గంటసేపు కూర్చుని, ఆమె ఎన్నిసార్లు లేచి ఎవరిని ఏం అడిగిందో రాసుకుంటే ఏ మీటింగూ చెప్పనన్ని సంగతులు తెలుస్తాయి.

పిల్లలకు ఇది నేర్పడానికి ల్యాబ్ అక్కర్లేదు, మన గుడిమల్కాపూర్ పూల మార్కెట్ చాలు. "పూలవాళ్లకు ఒక యాప్ చేయాలంటే అందులో ఏముండాలి?" అని ముందు ఇంట్లోనే రాయించండి. రేట్లు, ఫొటోలు, ఆన్‌లైన్ పేమెంట్ అని రాస్తారు. తర్వాత మార్కెట్‌కు తీసుకెళ్లి, బేరాల రద్దీ తగ్గాక, "అన్నా, నిన్న ఏ పూలు మిగిలిపోయాయి? ఎందుకు మిగిలాయి?" అని వాళ్లచేతే అడిగించండి. శ్రావణ శుక్రవారాలు, బతుకమ్మ రోజులు మాత్రం వద్దు, అక్కడ ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. ఇంటికొచ్చాక పాత జాబితాలో ఏవి కొట్టేస్తారో, కొత్తగా ఏం రాస్తారో చూడండి. 7, 8 తరగతుల పిల్లలు ఆ కాగితాన్ని కంప్యూటర్ టీచర్‌కు చూపించవచ్చు.