చర్మమును కొలిచి కోసిన యంత్రము

మెడయు రొమ్మును లోతుగా కాలినప్పుడు, శరీరము తనంతట తాను చేసికొను చికిత్స ఒక్కొక్కప్పుడు గాయముకంటె క్రూరముగా పరిణమించును. చిన్న కోత పడినచో రక్తము గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు విడిచిన రసాయనముల పిలుపునకు తెల్లకణములు పరుగున వచ్చి మలినమును తొలగింపగా, ఫైబ్రోబ్లాస్టులను కణములు కొల్లాజెన్ పోగులను అల్లుచుండగా, అంచులనుండి పైపొర కణములు జరిగివచ్చి ఆ చోటును కప్పివేయును. అట్లుగాక జానెడు మేర చర్మము మూలముతో నశించినచో, అంచులనుండి బయలుదేరిన కణములు నడిమికి చేరుటకు నెలలు పట్టును. ఈలోపల గాయముననే పుట్టిన, కండరపు గుణము గల ఒకజాతి కణములు అంచులను లోనికి లాగి లాగి, గడ్డమును రొమ్మునకు బిగించివేయును. చీరకొంగు అంటుకొనగా కాలి, ప్రాణము దక్కినను తల పైకెత్తలేక బ్రతికిన స్త్రీలను మన ఊళ్ళలో చూడనివారరుదు.

దేహమున వేరొకచోటి చర్మముతో గాయమును కప్పవలెనను ఊహ ప్రాచీనమే. సుశ్రుతుడు చెంపనుండి తీసిన చర్మముతో తెగిన ముక్కును తిరిగి కట్టు విధమును చెప్పెను. కాని అందు చర్మము తన తొడిమను వీడక, పాత రక్తముతోనే జీవించును. శరీరమునుండి పూర్తిగా వేరుచేసిన చర్మము మరియొకచోట నాటుకొనునని ఆధునికులకు చూపినవాడు రెవర్దాఁ అను స్విట్జర్లాండు యువకుడు. 1869లో పారిస్‌లోని నెకేర్ ఆసుపత్రిలో అతడు చిన్నచిన్న చర్మపు తునకలను మానని పుండుపై ఉంచగా, అవి నిలిచి, చుట్టును వ్యాపించెను. పిదప లియాన్‌లో ఒలియే, లైప్‌జిగ్‌లో టీర్ష్ అంతకంటె పెద్ద పలకలు కోసిరి. పలుచని పలక సులువుగా నాటుకొనును గాని, ముడుచుకొనిపోయి, తేలికగా చిట్లును. దళసరి పలక గట్టిగా నిలుచును గాని, నాటుకొనుట కష్టము. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు బ్లెయిర్, బ్రౌన్ మధ్యమార్గము చాలునని చూపిరి.

ఈ మధ్యమార్గమున ఒక రహస్యము కలదు. బాహ్యచర్మము సాధారణముగా మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే మందము; దాని అట్టడుగు వరుస కణములే నిరంతరము విభజనచెంది, పైకి జరిగి, మరణించి, పొట్టుగా రాలుచుండును. దాని క్రింద నున్న అంతశ్చర్మము అనేక రెట్లు మందము. కొల్లాజెన్, రక్తనాళములు, నాడులు అన్నియు అందే. అయితే రోమకూపములు, స్వేదగ్రంథులు ఈ రెండవ పొరలోనికి లోతుగా దిగి, తమతో బాహ్యచర్మపు కణములనే గోడలుగా తీసికొనిపోవును. కావున నాటుటకు పలకను తీయు తొడమీద ఆ కూపముల మొదళ్ళు మిగులునట్లు కోసినచో, మిగిలిన ప్రతి కూపమునుండియు కణములు పైకి ప్రాకి, పది పదునాలుగు దినములలో ఆ చోటును తిరిగి కప్పును. అంతకంటె లోతుగా పోయెనా, ఒక పుండును మాన్ప రెండవ పుండును సృష్టించినట్లే. ఊపిరితో కదలుచు, ఎముకలపై ఎత్తుపల్లములుగా నుండు దేహమునుండి, మిల్లీమీటరులో మూడవ వంతో నాల్గవ వంతో మందముగల పలకను వట్టిచేతితో ఒకే తీరున తీయగలవారు ఎందరుందురు? హస్తనైపుణ్యమును నమ్మి రోగులను పణముగా ఒడ్డిన ఆ పద్ధతి శాస్త్రమనిపించుకొనుట కష్టము.

కాన్సాస్ సిటీలో శస్త్రవైద్యుడైన ఎర్ల్ పాడ్జెట్ ఈ చిక్కును తోటి వైద్యులకు గాక, కాన్సాస్ విశ్వవిద్యాలయములోని జార్జి హుడ్ అను ఇంజనీరింగు ఆచార్యునకు విన్నవించెను. వారి యత్నము ఫలించి, 1939లో డెర్మటోము అను చర్మము కోయు యంత్రము లోకమునకు పరిచితమయ్యెను. నిలువునా చీల్చిన మద్దెల వలె అర్ధస్తూపాకారమున నుండు లోహపు పీపా దాని ముఖ్యావయవము. దానికి సమదూరమున, అంచు వెంట ఒక కత్తి. ఆ దూరమును అంగుళములో వేయవ వంతుల చొప్పున త్రిప్పి నిర్ణయింపవచ్చును. పీపాకును చర్మమునకును రబ్బరు జిగురు పూసి, అది అంటునంతగా ఆరిన పిమ్మట, పీపాను తొడపై మోపి మెల్లగా పైకెత్తుచు దొర్లించెడివారు. అంటుకొని లేచిన చర్మము పీపా వంపున చదునై నిలువగా, వైద్యుడు రెండవ చేతితో కత్తిని అటునిటు కదల్చుచు కోసెడివాడు. దేహపు ఎత్తుపల్లములను సవరింప యత్నింపక, చర్మమునే యంత్రపు ఆకృతికి తెచ్చుటలో హుడ్ బుద్ధికుశలత కానవచ్చుచున్నది. సుమారు నాలుగంగుళముల వెడల్పు, ఎనిమిదంగుళముల నిడివిగల పలక ఒక్క పర్యాయమే లేచెడిది. ఆ వెంటనే వచ్చిన మహాయుద్ధములో కాలిన సైనికులకు ఇది ఎంతయో ఉపకరించెను.

కోత ముగిసిన తొడను దగ్గరగా చూచినచో, తెల్లని నేలపై రక్తబిందువులు పొటమరించును. అవి చిన్నవై, దట్టముగా నున్నచో కోత పలుచన. పెద్దవై, దూరదూరముగా నున్నచో కోత లోతైనది. యంత్రపు అంకెను ఎంత నమ్మినను, వైద్యుడు ఈ బిందువులవైపు ఒకసారి చూడక మానడు.

అటు గాయముపై పరచిన పలకకు తొలి రెండు దినములు రక్తమే లేదు. క్రింది నేలనుండి ఊరు ద్రవమును పీల్చుకొని ప్రాణము నిలుపుకొనును. క్రమముగా పలకలోని కేశనాళికల తెగిన నోళ్ళకు క్రిందినుండి వచ్చిన నాళములు కలియగా, నాలుగైదు దినములకు అది గులాబిరంగునకు తిరుగును. ఈలోపల క్రింద నెత్తురు నిలిచినను, కట్టు జారినను, చీము పట్టినను ఆ సంబంధము తెగి పలక నల్లబడును.

జిగురు యంత్రమునకు దోషములు లేకపోలేదు: జిగురు ఆరువరకు కాచుకొనవలెను, పలకను పీపానుండి ఊడదీయుట శ్రమ. యుద్ధకాలమున జపానువారికి బందీయైన హారీ బ్రౌన్ అను వైద్యుడు చెఱలోనే విద్యుచ్ఛక్తితో నడచు కత్తిని ఊహించి, 1948లో దానిని ప్రకటించెను. నేటి డెర్మటోములు ఎక్కువగా ఆ జాతివే. 1964లో టానర్, అతని సహచరులు పలకకు వరుసగా చీలికలు వేసి వలగా సాగదీయు యంత్రమును తెచ్చి, కొద్దిపాటి చర్మముతో పెద్ద గాయమును కప్పు ఉపాయమును కల్పించిరి.

దేహమంతయు కాలి, మిగిలిన చర్మము కొంచెమే యైనప్పుడు, మానిన తొడనే మరల కోయుదురు. కాని రోమకూపముల నుండి తిరిగి పుట్టునది బాహ్యచర్మము మాత్రమే. కత్తి కొనిపోయిన అంతశ్చర్మము మునుపటివలె మరల పుట్టదు. అందుచేత మూడవసారి ఆ చోటనే కోయవలసివచ్చిన వైద్యుడు యంత్రపు అంకెను మునుపటికంటె తగ్గించియే కత్తిని ఆనించును.